కాలవ మీద మొదటి తోట

ఆ తోటకు నీళ్ళు పెట్టడం మానేశారని ముందుగా పసిగట్టింది మా యజమాని ఇంట్లో పనిచేసే కడప ఆవిడ. ఊరి ఆడవాళ్ళు గిన్నెలూ దుప్పట్లూ కడుక్కునే రేవు ఆ తోటకు కాస్త దిగువన ఉండేది. తోట వంతు వచ్చిన రోజున కాలవ నీళ్ళన్నీ అటు మళ్ళేవి, రేవు మెట్లు పొడిగా ఉండేవి. కొంతకాలంగా ఆ మెట్లు ఆరడం లేదు.

"సారూ, ఆ పెద్దాయప్ప పోయినాక తోటలో నీళ్ళు పారడంల్యా. వంతు రోజు గూడా నీళ్ళు నా కాళ్ళకాడికే వచ్చాండాయి. నాకేం, బట్టలు జాడించుకునేదానికి సుఖమే. ఆ చెట్లు సూచ్చేనే పాపమనిపిచ్చాది," అంది ఒక శుక్రవారం నా ముందు టీ గ్లాసు పెడుతూ.

నేనప్పుడు బురైమిలో ఒక చిన్న ప్రింటింగ్ షాపులో ఉన్నాను. తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ పత్రిక మా ఎడిషన్ మూసేశాక, తెలిసినవాళ్ళ ద్వారా ఒమన్ చేరాను. విజిటింగ్ కార్డులు, హోటళ్ళ మెనూలు, స్కూళ్ళ రిపోర్టు కార్డులు అచ్చువేసే పని. షాపు యజమాని యాభై దాటిన ఒమనీ. పనివాళ్ళం ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన మాతో హిందీలో మాట్లాడేవాడు. అలిసిపోయినప్పుడు అరబ్బీలోకి జారేవాడు, అలా నాకూ ఆ భాష పట్టుబడింది. ఆయన సొంత ఊరు కొండల వైపు ఉంది. శుక్రవారాలు షాపు మూసి, నన్ను కారెక్కించుకుని అక్కడికి తీసుకుపోయేవాడు. ఒంటరిగా రూమ్‌లో కూర్చుంటే మనిషి చెడిపోతాడని ఆయన నమ్మకం.

ఆ ఊరు బతికేది ఫలజ్ మీద. కొండ అడుగున ఊరే నీటిని ఎప్పటివాళ్ళో భూమిలోపల తవ్విన సొరంగం గుండా పల్లానికి దించుకొచ్చిన కాలవ అది. మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్ళు ఊరికి చేరాక రైతులు వంతులవారీగా మడవలు తిప్పుకుంటారు. ఆ వంతులు చూడడానికి, పూడిక తీయించడానికి, తగువులు తీర్చడానికి రైతులంతా కలిసి ఒక పెద్దను ఎన్నుకుంటారు. ఆయన్ని వకీల్ అంటారు. కోర్టుతో ఆయనకేమీ పనిలేదు, కాలవకు పెద్ద, అంతే. మా అర్బాబ్ ఆ ఊరి వకీల్. అంతకుముందు ఏడాదే ఎన్నుకున్నారు. ఆయన తోటలో పనిచేసే నిజామాబాద్ మనిషి ఆ సంగతి నాకు ఒక్క మాటలో చెప్పాడు: "మన తాన నీరటోడు ఉంటడు సూడు సార్, గట్లనే. గని ఈయినకు కారున్నది."

కడప ఆవిడ చెప్పిన మాట నేను అర్బాబ్ చెవిన వేశాను. ఆయన తల ఊపాడు. ఆయనకు అప్పటికే తెలుసు.

"ఎండబెడుతున్నారు," అన్నాడు. "నీళ్ళు లేక ఎండిపోవడం వేరు, ఇది వేరు."

ఆ సంవత్సరాల్లో బురైమి చుట్టుపక్కల భూమి ధర రోజురోజుకూ పెరిగేది. సరిహద్దుకు అవతలినుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి, వారాంతాల్లో విశ్రాంతి తీసుకోవడానికి కొండ నీడన ఇళ్ళు కావాలని అడిగేవాళ్ళు. తోట భూమిలో ఇల్లు కట్టుకోవడానికి లేదు. దాన్ని ఇళ్ళ స్థలంగా మార్చాలంటే అది సాగుకు పనికిరాకుండా పోయిందని ప్రభుత్వ ఇంజనీరు వచ్చి చూసి చెప్పాలి. అందుకని కొందరు తెలివిగా ఒక పని చేసేవారు. చెట్లు నరకరు, నరికితే తప్పు. నీళ్ళు మానేస్తారు. రెండు వేసవులు గడిచాక చెట్లు చచ్చాయని దరఖాస్తు పెడతారు.

ఈ ఖర్జూర తోట కాలవ మీద మొదటిది. సొరంగం దాటి నీళ్ళు వెలుతురు చూసే చోటే దాని మొదటి మడవ. దాని యజమాని ముసలాయన పోయాక అది ముగ్గురు పిల్లలకు వచ్చింది. అక్కడ ప్రహరీ గోడ లేచిందంటే కాలవ ఆ గోడ కిందికి పోతుంది. పూడిక తీయాలంటే ఎవరి ఇంటి గేటో తట్టాలి. అంతకన్నా ముఖ్యం, మొదటి తోట ఇళ్ళ స్థలమైతే రెండోదాని యజమాని ఎందుకు ఆగుతాడు? ఆ వరసన చివరి తోట దాకా పోతుంది. అర్బాబ్ నాకు ఇదంతా కారు నడుపుతూ చెప్పాడు. చెప్పి, "నా చేతిలో ఈ కాలవ పోతే ఊళ్ళో నేను తల ఎత్తుకోలేను, ఉస్తాద్," అన్నాడు. ఆయన నన్ను ఉస్తాద్ అనేవాడు. పత్రికలో పనిచేసినవాడంటే ఆయన దృష్టిలో ఒకరకం పంతులు.

చలికాలం మొదట్లో ముసలాయన పెద్దకొడుకు మస్కట్ నుంచి వచ్చాడు. ఖురంలో ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం. మాట నెమ్మది, మనిషి మర్యాదస్తుడు. శుక్రవారం నమాజు తర్వాత రైతులంతా సబ్లాలో కూర్చున్నారు. సబ్లా అంటే ఊరి ఉమ్మడి హాలు. పెళ్ళి మాటలైనా పరామర్శలైనా కాలవ తగువులైనా అక్కడే. నన్ను గోడవారగా కూర్చోబెట్టి నా చేతికీ ఒక చిన్న కాఫీ గిన్నె ఇచ్చారు.

అక్కడి పద్ధతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉండేది. ఎంత తొందర పనైనా మొదట పెద్దవాడు వచ్చినవాణ్ణి "వార్తలేమిటి?" అని అడగాలి. వచ్చినవాడు "వార్తలేమీ లేవు, అంతా క్షేమం" అనాలి. ఖర్జూరాలు తిని కాఫీ తాగి ఇక చాలని గిన్నె అటూ ఇటూ ఊపి తిరిగిచ్చేదాకా ఆ మాట మీదే ఉండాలి. ఆరోజు పెద్దకొడుకు కూడా వార్తలేమీ లేవనే చెప్పాడు. గిన్నె తిరిగిచ్చాక తండ్రి తోటను ఇళ్ళ స్థలంగా మార్చమని దరఖాస్తు పెట్టానన్నాడు.

"మేం ముగ్గురం. తమ్ముడు సూర్‌లో, చెల్లెలు అత్తగారింట్లో. స్థలమైతే మూడు ముక్కలు చేసుకుంటాం. చెట్లనూ నీటి వంతునూ ఎలా పంచుకోవాలి? ఎవరొచ్చి చూసుకోవాలి? చెట్లు ఎలాగూ పోయాయి. వకీల్ అభ్యంతరం లేదని ఒక్క మాట చెబితే చాలు," అన్నాడు.

అర్బాబ్ పక్షాన మాట్లాడతారని నేను అనుకున్న ఇద్దరు ముగ్గురు ఆ సమయానికి కాఫీ గిన్నెల్లోకి చూస్తున్నారు. వాళ్ళ తోటలు మొదటి తోటకు ఆనుకుని ఉన్నవే. నాకు విషయం అర్థమైంది. వాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు.

చివరకు ఒక ముసలి రైతు అందుకున్నాడు. ఎండకు నల్లబడ్డ మనిషి, నోటి దురుసు ఊరంతా ఎరిగినదే.

"వకీల్‌కు బురైమిలో షాపుంది. కాగితాలు అచ్చేస్తే డబ్బులొస్తాయి. ఆయన చెట్లను ప్రేమించగలడు. మాకు షాపుల్లేవు. నా కొడుకులెవరూ చెట్టెక్కరు. నేనెక్కితే దిగుతానో లేదో తెలియదు. చెట్టు మీదే చచ్చిపోమంటావా, వకీల్?"

అందరూ నవ్వారు. అర్బాబ్ కూడా నవ్వాడు.

"నువ్వు చెట్టు మీద చస్తే నిన్ను దించడానికి మా మనిషిని పంపిస్తాను. హైదరాబాద్ దగ్గరివాడు, బాగా ఎక్కుతాడు," అన్నాడు. తర్వాత గొంతు మార్చకుండానే, "నాకు షాపుందన్నావు, నిజమే. భూమి అమ్ముకోవలసిన అవసరం లేనివాడు కాలవకు పెద్దగా ఉండాలని కదా మీరంతా నన్ను ఎన్నుకున్నది? ఆరోజు నా పేరు ముందు చెప్పింది నువ్వే," అన్నాడు.

ముసలి రైతు గడ్డం నిమురుకున్నాడు.

అర్బాబ్ పెద్దకొడుకు వైపు తిరిగాడు. "ఇంజనీరు వచ్చి చూడనీ. చెట్లు చచ్చాయని ఆయన అంటే నేను అడ్డం రాను. ఇంతమంది ముందు చెబుతున్నాను. బతికున్నాయని అంటే నువ్వు దరఖాస్తు వెనక్కి తీసుకో."

"సరే. కాని ఈలోగా మా తోటలో ఎవరూ నీళ్ళు పెట్టకూడదు."

"ఒక్క చుక్క పెట్టను. కాలవ మీదికి వంగిన ఎండు మట్టలు మాత్రం కొట్టిస్తాను. అవి నీళ్ళలో పడి అడ్డుకుంటున్నాయి. ఆ హక్కు వకీల్‌ది."

పెద్దకొడుకు ఒప్పుకున్నాడు. ఎండు మట్టలు కొడితే తనకేమిటి నష్టం?

తిరిగి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, అంత మాట ఎందుకిచ్చారని. ఖర్జూర చెట్టు అంత తొందరగా చావదన్నాడాయన. కింద మట్టలు ఎండి వేలాడుతుంటే చూసేవాడికి చెట్టంతా పోయినట్టే ఉంటుంది. వాటిని కొట్టేస్తే నడినెత్తిన లేతాకుల మొవ్వు కనబడుతుంది. మొవ్వు పచ్చగా ఉంటే చాలు.

"పచ్చగా ఉందా?" అన్నాను.

"ఉండాలి," అన్నాడు.

మట్టలు కొట్టే పని నిజామాబాద్ మనిషికి పడింది. నలభై దాటిన మనిషి. అక్కడ ఆయన ఇంటివాళ్ళది కల్లుగీత పని. తాతలనాటి నుంచీ ఈత చెట్లు గీసినవాళ్ళు. ఒమన్ వచ్చి మొదట ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ మీద ఇటుకలు మోశాడు. ఆ కంపెనీ నుంచి బయటపడి అర్బాబ్ తోటలో చేరిన రోజున చెట్టెక్కడానికి తాడు చేతికిస్తే కళ్ళకద్దుకున్నాడట. అది మన మోకులాంటిదే. నడుము వెనక పట్టీ, చెట్టు చుట్టూ తాడు.

నేను వెళ్ళిన శుక్రవారం ఆయన మొదటి తోటలో కాలవ గట్టు వెంబడి వరసలో చివరి చెట్టు మీద ఉన్నాడు. కింద కుప్పలుగా ఎండుమట్టలు. కడప ఆవిడ పొయ్యిలోకని వాటిని కట్టలు కడుతోంది.

"ఏమప్పా, చెట్టెక్కితే దిగబుద్ధి కాదా నీకి? అన్నం సల్లారిపాయె."

"కింద నువ్వున్నవు గదక్కా, ఎట్ల దిగాలె?"

"ఓయబ్బ, నేనేమన్నా పులినా?"

"పులైతే చెట్టెక్కుతది. నువ్వు ఎక్కవు. అందుకే ఈడ పానం హాయిగున్నది."

ఆమె ఒక మట్ట తీసి పైకి విసిరినట్టు చేసింది. ఆయన నవ్వుతూ మళ్ళీ కత్తి అందుకున్నాడు. చలికాలపు ఎండ ఒంటికి హాయిగా ఉంది. కత్తి చప్పుడు ఒక లయలో వినబడుతోంది. నేను గట్టున కూర్చుని వింటూ ఉన్నాను. ఎండుమట్ట తెగే చప్పుడు పెళపెళమంటుంది. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడింది. నేను పట్టించుకోలేదు.

ఇంజనీరు వారం మధ్యలో వస్తున్నాడని కబురందింది. ఆరోజు అర్బాబ్ షాపు మరొకరికి అప్పగించి, కెమెరా పట్టుకు రమ్మన్నాడు. చెట్ల ఫొటోలు తన దగ్గర కూడా ఉండాలని ఆయన ఆలోచన. మేం వెళ్ళేసరికి పెద్దకొడుకు అక్కడే ఉన్నాడు. ముసలి రైతుతో సహా ఊరివాళ్ళు ఏడెనిమిది మంది గట్టున చేరారు. ఇంజనీరు కుర్రతనం పోని మనిషి. మాట్లాడే ముందు ఆలోచించే రకం. తోటంతా ఒకసారి నడిచాడు. మట్టలు కొట్టిన వరస తప్ప మిగతా చెట్లన్నీ బూడిదరంగులో వేలాడుతున్నాయి. కొట్టిన వరసలో కూడా పైన మిగిలిన ఆకులు పసుపుపచ్చగా ఉన్నాయి. మొవ్వు కింది నుంచి ఎవరికీ సరిగా కనబడడం లేదు.

"చూశారుగా," అన్నాడు పెద్దకొడుకు. "శుభ్రం చేశాక కూడా ఇదీ సంగతి. చచ్చినవాటి మీద ఎవరు ఖర్చు పెడతారు?"

ఇంజనీరు అవునని అనలేదు, కాదనీ అనలేదు. అర్బాబ్ తలపాగా సర్దుకున్నాడు. ఆయన అలా సర్దుకున్నాడంటే లోపల కంగారుగా ఉన్నాడని నాకు తెలుసు.

వరస చివర చేరాం. అక్కడ కందిరీగలు ముసురుతున్నాయి. ఆఖరి చెట్టుకు పైన, మొవ్వుకు జానెడు కింద, ఒక పక్కన మట్టల మొదళ్ళు నున్నగా చెక్కేసి ఉన్నాయి. లోపలి తెల్లని కండ బయటపడింది. అక్కడి నుంచి పల్చని రసం చెట్టు పొడవునా కారి, కింద పాదులో తడి మచ్చ కట్టింది.

ఆ నున్నటి చెక్కుడు ఏమిటో చూడగానే నాకు తెలిసిపోయింది. మా వైపు తాడిచెట్టు ఎక్కువ, ఈత తక్కువ. అయినా గీసిన చెట్టును గుర్తుపట్టలేని తెలుగువాడు ఎవడుంటాడు?

పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. పొద్దున్నుంచీ ఎండకు కాగిన రసం కాస్త పులిసింది. ఆయన మొహం ఎర్రబడింది.

"మత్తు! మా నాన్న తోటలో, ఆయన నాటిన చెట్టుకు కత్తి పెట్టి మత్తు పానీయం తీస్తున్నారు! ఇదేనా వకీల్ చేయించే శుభ్రం? పోలీసుకు చెబుతాను!"

గట్టున ఉన్నవాళ్ళు గోలగా మాట్లాడసాగారు. అర్బాబ్ ఆ చెట్టును చూసి, నిజామాబాద్ మనిషిని చూశాడు. ఆయన మొహంలో అంత కోపం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఏం చేశాడో అడుగు," అన్నాడు నాతో. హిందీలో అడిగే ఓపిక కూడా ఆయనకు లేదు.

నిజామాబాద్ మనిషి చేతులు జోడించాడు. "సార్, అల్లా తోడు అని చెప్పు వాళ్ళకు, దేవుని తోడు అని చెప్పు. కుండ కట్టలే, లొట్టి కట్టలే. సూడుమను, చెట్టుకు ఏమన్న ఉన్నదా? మట్టలు కొట్టుకుంట పోతున్న. ఆఖరి చెట్టు సూడంగనే మా ఈతవనం తీర్గ అనిపిచ్చింది. చెయ్యి ఊకోలే సార్. గీసినంక సోయికొచ్చింది. నోరు మూసుకొని దిగిన."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఈయన ఇంటి పని ఇలాంటి చెట్టును చెక్కి రసం దించడం, ఆ రసాన్ని అక్కడ తాగుతారు, మత్తెక్కుతుంది, ఇక్కడ దించాలనుకోలేదు, కుండ కట్టలేదు, చేతి అలవాటు కొద్దీ చెక్కాడు. పత్రికలో ఉన్నప్పుడు నేర్చుకున్నది అదొకటే. మాట మెత్తబరిస్తే వినేవాడికి ఇంకేదో దాచారనిపిస్తుంది.

అర్బాబ్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. కుండ కట్టిన గుర్తు ఎక్కడైనా ఉందేమో చూశాడు. లేదు. ఆయన మొహం నెమ్మదిగా మారింది. వెళ్ళి పెద్దకొడుకుకు ఎదురుగా నిలబడ్డాడు.

"పోలీసుకు చెప్పు. తప్పు మా మనిషిది. ఎక్కడికీ పోడు, నేనే స్టేషన్‌కు తీసుకొస్తాను," అన్నాడు. "అక్కడ ఏం చెబుతావో ఇప్పుడే, ఇంజనీరు ముందు చెప్పు. మీ నాన్న నాటిన చెట్టు, బతికున్నదాన్ని గాయపరిచారని చెబుతావా? అలా అయితే దరఖాస్తులో అది చచ్చిందని ఎందుకు రాశావు? చచ్చిందంటావా? చచ్చిన చెట్టులోంచి రసం కారుతుంటే ముందు నేనే మొక్కుతాను."

ముందు నవ్వింది ముసలి రైతే. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫిర్యాదు రెండువైపులా పదునుగా ఉంది. ఏ వైపు పట్టుకుంటావు, బాబూ?" అన్నాడు.

ఇంజనీరు ఆ తడిని వేలితో తాకి, రుచి చూడకుండానే రుమాలుకు తుడుచుకున్నాడు. నిచ్చెన తెమ్మని తానే పైకెక్కాడు. ఈ చెట్టు మొవ్వు విప్పి చూశాడు, వరసలో మరో రెండు చూశాడు, దూరంగా బూడిదరంగు చెట్లలో ఒకటి కూడా చూశాడు. అంతసేపూ నిజామాబాద్ మనిషి నా పక్కనే ఉన్నాడు.

"మిగిలినయి గూడ సూస్తరంటనా సార్? గీయమంటే తలా ఒక గీత గీస్త, అందరికీ ఎర్కయితది," అన్నాడు.

ఆ మాట మాత్రం నేను అరబ్బీలోకీ హిందీలోకీ మార్చలేదు.

ఇంజనీరు దిగి బట్టలు దులుపుకున్నాడు. "తోట బతికే ఉంది. దీనికి రోగమేమీ లేదు, దాహం, అంతే. సాగుకు పనికిరాదని నేను రాయలేను," అన్నాడు.

అర్బాబ్ గెలిచాడనుకున్నాను. కాని ఆయన దాన్ని అక్కడితో వదల్లేదు. ఆ రెండో అడుగు నాకు ఇవాళ్టికీ ఆయన పెద్దరికానికి గుర్తుగా కనిపిస్తుంది. దరఖాస్తు పోయినంత మాత్రాన తోట బాగుపడదు. నీళ్ళు పెట్టకుండా ఇంకో రెండు వేసవులు ఆగితే పెద్దకొడుకు మళ్ళీ వస్తాడు. అప్పుడు నిజంగానే రసం ఉండదు.

"నీ చెట్టుకు నా మనిషి దెబ్బ తీశాడు," అన్నాడు పెద్దకొడుకుతో, ఈసారి మెత్తగా. "కాలవ కట్టుబాటు నీకు తెలుసు. చెట్టును పాడుచేసినవాడే దాన్ని నిలబెట్టాలి. వాడు నా మనిషి గనుక ఆ భారం నాది. నీళ్ళు పెట్టి దాన్ని బతికించడానికి సెలవియ్యి."

పెద్దకొడుక్కి కాదనడానికి వీల్లేదు. అంతమంది ముందు అన్యాయం జరిగిందని అరిచింది తానే. సరిదిద్దుతానంటే వద్దని ఎలా అంటాడు?

"ఆ చెట్టు ఒక్కదానికే కదా?" అన్నాడు.

"ఒక్కదానికే."

పెద్దకొడుకు కాలవ వైపు చూశాడు. మడవ తోటకు ఆ చివర ఉంది, గాయపడ్డ చెట్టు ఈ చివర. మధ్యలో వరస పొడవునా పాదులన్నీ ఒకదాన్లోంచి ఒకదాన్లోకి తెరుచుకుని ఉన్నాయి.

"అక్కడి నుంచి ఇక్కడికి..." అంటూ ఆగిపోయాడు.

"నీళ్ళు నడిచే రావాలి. ఎగరలేవు కదా," అన్నాడు అర్బాబ్.

ఇంజనీరు తల తిప్పుకుని నవ్వుకున్నాడు. పెద్దకొడుక్కి కూడా నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. సెలవిచ్చాడు.

నిజామాబాద్ మనిషికి అర్బాబ్ వేసిన శిక్ష చెట్టెక్కవద్దని. గాయానికి బంకమట్టి మెత్తాలి, నీళ్ళు కట్టాలి, పాదులు చెయ్యాలి, అన్నీ నేల మీదే. కత్తి తీసుకుపోయి అర్బాబ్ తన గదిలో పెట్టుకున్నాడు. చెట్టెక్కేవాడికి అది పెద్ద శిక్షే. రేవుకు వెళ్తూ వస్తూ కడప ఆవిడ ఆయన్ని వదిలిపెట్టేది కాదు.

"ఏమప్పా డాక్టరూ, రోగి ఎట్లుండాడు? గంజి తాగుతాండాడా?"

"నీ నోరు మూతపడితే నిమ్మళమైతదంట అక్కా."

వంతు రోజున మొదటి తోటలో నీళ్ళు మళ్ళీ పారడం నేను చూశాను. ఎండిన నేల మొదట నీళ్ళను మింగేసింది. చివరి చెట్టు దాకా చేరేసరికి వంతు అయిపోయింది. ఆ తర్వాతి వంతుల్లో వరసంతా నిండింది. వరస పక్కనున్న పాదుల గట్లు తెగి నీళ్ళు లోపలి చెట్లకూ పోయాయి. అవి వాటంతట అవే తెగాయని నిజామాబాద్ మనిషి అన్నాడు. ఎవరూ ఎదురు అడగలేదు. ముసలి రైతు మాత్రం గట్టున నిలబడి, "వకీల్ నీళ్ళు ఒక చెట్టుకని బయలుదేరి బంధువులందరినీ పలకరిస్తున్నాయి," అన్నాడు.

చలి తగ్గుముఖం పడుతుండగా చెట్లకు పూత వచ్చింది. అన్నింటికీ రాలేదు. గాయపడ్డదానికి అసలే రాలేదు. కాని లోపలి వరసల్లో సగానికి పైగా మొవ్వుల పక్కన పూల పొత్తులు పగిలి తెల్లని పూలగుత్తులు బయటపడ్డాయి. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టు పూరెమ్మలు కోసి ఆడ గుత్తుల్లో మనిషి చేత్తో కట్టాలి. సమయం దాటితే కాయ నిలవదు. అర్బాబ్‌కు సెలవు ఉన్నది నీళ్ళకే, అదీ ఒక్క చెట్టు కోసం. ఇతరుల చెట్టు పూతను ముట్టుకునే హక్కు వకీల్‌కు కూడా లేదు.

ఆయన షాపులోంచే పెద్దకొడుక్కి ఫోన్ చేశాడు. నేను ఏవో పెళ్ళిపిలుపుల ప్రూఫులు చూస్తున్నాను. ఫోన్ స్పీకర్ మీద ఉంది. కౌంటర్ మీద పెట్టి మాట్లాడడం ఆయన అలవాటు.

"మీ తోటకు పూత వచ్చింది," అన్నాడు.

అవతల ఆఫీసులో ఎవరో ఎవర్నో పిలుస్తున్న గొంతు మాత్రం దూరంగా వినబడింది.

"కట్టమంటావా, రాలిపోనివ్వమంటావా? రాలిపోనిమ్మంటే నేనేమీ అనను. నీ చెట్లు, నీ ఇష్టం. రెండు మూడు రోజులకు మించి ఆగవు."

అర్బాబ్ తొందరపెట్టలేదు. ఆ మనిషి నుంచి నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అదే, జవాబు వచ్చేదాకా ఆగడం.

"నాన్న ఏ మగచెట్టు పూలు కట్టేవాడో ఎవరికైనా తెలుసా?" అన్నాడు పెద్దకొడుకు చివరికి.

"మసీదు వెనక ఉంది చూడు, వంకర చెట్టు. ఇంకో చెట్టు పూలు ముట్టేవాడు కాదు."

"అయితే అవే కట్టించు. నేను గురువారం వస్తాను. నేను వచ్చేదాకా పని మొత్తం పూర్తి చేయొద్దు. రెండు మూడు చెట్లు మిగల్చు."

"నువ్వెక్కుతావా?"

"చిన్నప్పుడు ఎక్కేవాణ్ణి."

అర్బాబ్ ఫోన్ పెట్టేసి లేచాడు. గల్లాపెట్టె తాళం వేశాడు. పనిరోజు, పట్టపగలు.

"ఉస్తాద్, షట్టర్ దించు," అన్నాడు. "ముందు ఇంటికి పోదాం. మీ వాడి కత్తి వాడికి ఇచ్చెయ్యాలి."